చామనచాయ మహిళల పత్రిక

ఫ్యాన్ కింద కుర్చీ

రాజమండ్రి కాలేజీలో నేను లైబ్రేరియన్‌గా ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏ పుస్తకం గురించీ కాదు. "మేడమ్ గారూ, ఫ్యాన్ కింద కుర్చీ ఏదైనా ఖాళీ ఉందాండీ?" అన్నదే ఆ ప్రశ్న. మే నెలలో మా ఊరి ఎండ తెలిసినవాళ్లు ఆ ప్రశ్నని తప్పుపట్టరు. నేనూ తప్పుపట్టలేదు. చల్లగాలి కోసం వచ్చినవాడు ఎంతసేపని గోడలు చూస్తాడు? పక్కన బల్లమీద ఏదో ఒకటి పడేసి ఉంటే తిరగేస్తాడు. అందుకని ఫ్యాను కింద బల్లమీద ఎప్పుడూ మంచి సరుకే ఉంచేదాన్ని. లైబ్రరీ సైన్సు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలూ, మీ పాఠ్యపుస్తకంలో ఈ సూత్రం ఉండదు, రాసుకోండి.

నేను చేరిన కొత్తలో ఉన్న ప్రిన్సిపాల్ గారికి ఒక్క పుస్తకం కూడా పోని లైబ్రరీ గొప్ప లైబ్రరీ. అల్మరాలన్నిటికీ తాళాలు వేయించి, తాళంచెవుల గుత్తి తన టేబుల్ సొరుగులో పెట్టుకున్నారు. పుస్తకం కావాలంటే నేను ఆయన గదికి వెళ్లి, ఆయన టీ తాగడం అయ్యేదాకా నిలబడాలి. మనిషి మంచివాడే, కానీ పుస్తకాన్ని నగలా చూసేవాడు. ఏ పుస్తకమూ పోని చోట ఎవరూ ఏమీ చదవడం లేదని అర్థం. ఆయన బదిలీ అయిన రోజు నేను పెరుగన్నం తిని హాయిగా నిద్రపోయాను.

రెండు బంతుల్లోనూ విస్తరి లేనివాళ్లు

తొంభైల మొదట్లో మా ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ హెడ్ సోమయాజులు గారు హైదరాబాదులో రిఫ్రెషర్ కోర్సుకి వెళ్లొచ్చారు. కోనసీమ మనిషి. పంచెకట్టు, గంభీరమైన గొంతు. అంతవరకూ ఆయన పాఠం చెబుతుంటే ఇంగ్లాండులో పూసే పువ్వుల పేర్లు తప్ప ఇంకేమీ వినపడేవి కావు. తిరిగొచ్చిన మర్నాడే మెట్లెక్కి నా దగ్గరికి వచ్చారు.

"సుభద్ర గారూ, ఇన్నేళ్లూ నేను ఒక్క కంటితో చదివానండి. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల మీద ఏకంగా ఒక పరిశోధన పత్రికే నడుస్తోందండి. మనకది తెప్పించండి."

తెప్పించాను. ఓడ మీద వచ్చేది. వాళ్ల వసంతకాలపు సంచిక మన కార్తీకమాసంలో దిగేది. ఒక్కోసారి తర్వాతిది ముందూ ముందుది తర్వాతా వచ్చేవి. గోధుమరంగు కవరు మీద స్టాంపులు చూసి పోస్టుమాన్ "అమెరికా చుట్టం వచ్చిందండి" అనేవాడు.

నేను కేటలాగు రాసి బీరువాలో పెట్టే రకాన్ని కాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అక్కడ ఆడవాళ్ల గురించి రాసిన పుస్తకాల్లో తెల్లవాళ్లు ఉండేవారు. నల్లవాళ్ల గురించి రాసిన పుస్తకాల్లో మగవాళ్లు ఉండేవారు. నల్లజాతి ఆడవాళ్లకి రెండు బంతుల్లోనూ విస్తరి పడలేదు. వాళ్ల వ్యాసాలు వేరే పత్రికలు తిప్పి పంపుతుంటే, సరే, మా పొయ్యి మేమే వెలిగించుకుంటాం అని పెట్టుకున్న పత్రిక అది. అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలతో పాటు బట్టలు ఉతికిన అమ్మమ్మలతో మాటామంతీ, జడలు అల్లుకోవడం మీద వ్యాసం, వంటింట్లో చెప్పుకునే కబుర్లు కూడా చదువే అని గట్టిగా వాదించే వ్యాసం, అన్నీ ఉండేవి. ఆ వంటింటి వ్యాసం చదివి, ఆ రోజు ఇంటికెళ్లి మా అత్తగారి మాటలు కాస్త శ్రద్ధగా విన్నాను.

మర్యాద చేసిన పని

తర్వాత వచ్చిన ప్రిన్సిపాల్ గారు కెమిస్ట్రీ మనిషి, సరదా మనిషి. కాలేజీలో బోర్డులన్నీ తెలుగులో ఉండాలన్నారు. పత్రికల పేర్లు తెలుగు చేసే పని తెలుగు లెక్చరర్ శేషాచార్యులు గారికి అప్పజెప్పారు. ఆయన చీమకి కూడా అపకారం చెయ్యరు. ఎదురుగా ఆవు వస్తే "జరగండి" అనే మనిషి. మన పత్రిక పేరు దగ్గర ఆయన సుద్దముక్క ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? ఆడపిల్లల్ని పట్టుకుని నల్ల అని బోర్డు మీద రాస్తామా అండీ? ఎంత తప్పు!"

"అక్కడ ఆ మాట వాళ్లే ఏరికోరి పెట్టుకున్నారండి" అన్నాను.

"వాళ్లు పెట్టుకోవచ్చు. మనం అనకూడదు కదండీ" అని, కాసేపు ఆలోచించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: చామనచాయ మహిళల అధ్యయన పత్రిక.

మర్నాటి నుంచీ నా లైబ్రరీలో తిరనాళ్లే. అదివరకు గుమ్మం తొక్కని ఆడపిల్లలు గుంపులుగా వచ్చారు. "మేడమ్ గారూ, చామనచాయ పత్రిక ఇవ్వరా అండీ" అని ఒకటే అడగడం. బి.కాం. పిల్ల ఒకతి గొంతు తగ్గించి, "పసుపు మంచిదన్నారా, శనగపిండి మంచిదన్నారా అండీ?" అని అడిగింది. చాయ తేలడానికి చిట్కాలు ఉంటాయనుకుని వచ్చారు పాపం! సున్నిపిండి కోసం వచ్చి, ఇంగ్లీషులో ఇంత మందం పరిశోధన వ్యాసాలు చూసి బిక్కమొహం వేసేవారు. నాకు కడుపుబ్బ నవ్వొచ్చేది. అయినా ఇద్దరు ముగ్గురు కూర్చుని బొమ్మలైనా చూశారు. అది ఫ్యాను సూత్రమే.

ఆ గుంపు వెనకాల, ఏ గుంపులోనూ కలవకుండా, ఒక పిల్ల నిలబడింది. ఎం.ఏ. ఇంగ్లీషు. ఉప్పాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పేరు నూకరత్నం. తండ్రి లేడు. తల్లి సత్తెమ్మ చేపలు కొని ఊళ్లలో అమ్ముతుంది. ఆ పిల్ల పత్రిక అట్ట చూసింది, బోర్డు చూసింది, నన్ను చూసింది.

"అట్ట మీద బ్లాక్ అనుంది కదండీ, బోర్డు మీద చామనచాయ అని రాశారేంటండీ?"

"మర్యాదకి రాశారమ్మా."

"మా అమ్మ గంప నెత్తినెట్టుకుని వీధిలోకి వస్తే 'ఏయ్ నల్లదానా, ఇటు రా' అనే పిలుస్తారండి. ఒక్కళ్లు కూడా చామనచాయదానా అనలేదు. ఆ మాట పెళ్లిచూపుల్లోనే వింటామండి. అది కూడా అబద్ధం ఆడాలనుకున్నప్పుడే."

పక్కనే ఉన్న శేషాచార్యులు గారు విన్నారు. ఆయన మొహం చిన్నబోయింది. "నా ఉద్దేశం అది కాదమ్మా" అన్నారు. "మీ ఉద్దేశం మంచిదేనండి. మాటే బాలేదు" అంది నూకరత్నం, నవ్వుతూనే. ఆయన తన ఉత్తరీయంతోనే ఆ మాట తుడిచేసి, నల్లజాతి అని రాశారు. మర్నాటి నుంచి జనం పలచబడ్డారు. నూకరత్నం మాత్రం మిగిలింది. చదివేవాళ్లు నాకు ఒక్కరు చాలు అని ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను.

వంజరం బేరం

నూకరత్నం ఎం.ఏ. పాసై, సోమయాజులు గారి దగ్గరే పి.హెచ్‌డి.కి చేరింది. పరిశోధన విషయం ఏమిటంటే, నల్లజాతి రచయిత్రులు చూపించిన పనిచేసే ఆడవాళ్ల మాటతీరు ఒక పక్క, ఉప్పాడ రేవులో చేపలమ్మే ఆడవాళ్ల మాటతీరు ఒక పక్క. సోమయాజులు గారు మొదట కొంచెం జంకారు, తర్వాత సంబరపడ్డారు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో చేపల వాసన వేస్తోందని మిగతా లెక్చరర్లు వేళాకోళం చేశారు. ఆయన చేపలు తినరు కానీ, ఆ మాటకి మాత్రం కోపం తెచ్చుకున్నారు.

అంతలో విదేశీ పత్రికలన్నీ ఆపేయాలని లైబ్రరీ కమిటీ కూర్చుంది. ఎవరికైనా పనికొస్తోందని చూపిస్తే దాన్ని ఉంచుతామన్నారు. నేను నూకరత్నాన్నే తీసుకెళ్లాను. చదివే మనిషిని ఎదురుగా నిలబెట్టినంత బలమైన సాక్ష్యం ఇంకోటి లేదు. ఇది కూడా రాసుకోండి.

"అమెరికా ఆడవాళ్లకీ మన ఉప్పాడకీ ఏంటమ్మా సంబంధం?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"ఈ పత్రికలో ఒక వ్యాసం ఉందండి. అక్కడ సముద్రం ఒడ్డున పీతలు ఒలిచే ఆడవాళ్లు పనిచేస్తూ పాడుకుంటారంట. యజమాని లోపలికొస్తే పాట ఆపరంట, మాటలు మార్చేస్తారంట. మా రేవులో కూడా అంతేనండి. బేరగాడు వచ్చాడంటే మావాళ్లు వేరే మాటల్లోకి వెళ్లిపోతారు. ఎంతకి ఇవ్వాలో, ఎక్కడ తగ్గకూడదో వాడి ఎదురుగానే చెప్పుకుంటారు. వాడికి ముక్క తెలీదండి."

ప్రిన్సిపాల్ గారు ముందుకు వంగారు. "ఏంటా మాటలు? ఒకటి చెప్పు."

"మీరు వంజరం చేప కొంటారాండీ?"

"కొంటాను."

"అయితే చెప్పనండి."

గదిలో అందరికంటే గట్టిగా నవ్విందాయనే. పత్రిక నిలబడింది.

కానీ ఆ నవ్వులోనే అసలు చిక్కు ఉంది. రేవులోని ఆడవాళ్లు నూకరత్నానికి అన్నీ విప్పి చెప్పారు, తమ పిల్ల కాబట్టి. కానీ ఒక షరతు పెట్టారు. సత్తెమ్మే అందరి తరఫునా అందట: "రాస్తే రాసుకో గానీ ఆ మాటలు మాత్రం పుస్తకంలో ఎక్కించకు. ఎక్కిస్తే రేపు బేరగాడి ముందు మేం మూగోళ్లం అయిపోతాం." నూకరత్నం సరేనంది. ఇప్పుడు ఒక అధ్యాయం మొత్తం ఆ మాటల గురించే, ఆ మాటలు లేకుండా.

సోమయాజులు గారు తల పట్టుకున్నారు. "పరిశోధన అంటే బయటపెట్టడం కదమ్మా. ఎగ్జామినర్లు ఆధారాలేవీ అంటారు. థీసిస్ వెనక్కి పంపేస్తారు. పోనీ ఆ అధ్యాయం తీసెయ్యి."

"తీసేస్తే మిగిలేదేంటండీ? అందరికీ తెలిసిన మాటలే మిగుల్తాయి."

"పోనీ రెండు మాటలు ఇవ్వు."

"మాట ఇచ్చానండి."

ఆ పిల్ల మొండితనం చూసి నాకు ముచ్చటా వేసింది, గుండెల్లో రాయీ పడింది. ఏళ్ల చదువు. హాస్టల్ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ నెట్టుకొచ్చిన చదువు. అటు చూస్తే డిగ్రీ, ఇటు చూస్తే తల్లి నోటికాడ కూడు.

రాని సంచిక

దారి పత్రికలోనే కనిపించింది. ఒక సంచిక చివరి పేజీలో, తర్వాతి సంచికలో రాబోయే వ్యాసాల పేర్లు వేశారు. వాటిలో ఒకటి, తాము అధ్యయనం చేసిన ఆడవాళ్లు చెప్పొద్దన్నది చెప్పకుండా వదిలే బాధ్యత పరిశోధకులకి ఉంటుందని వాదించే వ్యాసం. నూకరత్నం ఆ పేజీ నా టేబుల్ మీద పెట్టి, "ఇది వస్తే నాకు నిలబడ్డానికి నేల దొరుకుద్దండి" అంది.

అది రాలేదు. ఎదురుచూశాం. పోస్టుమాన్‌ని చెవిలో జోరీగలా వేధించాను. సంచిక అందలేదని రాశాను, మళ్లీ రాశాను. జవాబు లేదు. చివరికి హైదరాబాదు ఏజెంటు కబురు చెప్పాడు: ఆ సంచిక వెయ్యడంతోనే పత్రిక ఆగిపోయిందండీ, నడిపే ఓపిక లేక మూసేశారు అని. మేం కమిటీతో పోట్లాడి మరీ నిలబెట్టుకున్న పత్రిక తనంతట తనే వెళ్లిపోయింది. ఆ రోజు నాకు నిజంగా దుఃఖం వచ్చింది. మొహం చూడని మనుషులే, అయినా మనవాళ్లు దుకాణం కట్టేసినట్టు అనిపించింది.

అప్పటికి మా ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. పాత సంచికల లోపలి అట్ట మీద ఆ పత్రికకి చోటిచ్చిన కాలేజీ పేరు ఉంది. వెతికితే ఆ కాలేజీ లైబ్రేరియన్ పేరు దొరికింది. లొరెట్టా. ఒక్క వేలితో కొట్టుకుంటూ ఇంగ్లీషులో ఈమెయిల్ రాశాను. పెద్దావిడో చిన్నావిడో తెలియదు, ఉత్త పేరు పెట్టి పిలవడానికి చెయ్యి రాలేదు. 'డియర్ లొరెట్టా గారు' అని మొదలుపెట్టాను. మేడమ్ అనొచ్చుగా అంటారేమో. మేడమ్ అంటే బల్లకి అవతల ఉన్న మనిషి. గారు అంటే మన మనిషి.

రెండో రోజు జవాబు. వ్యాసం ఉంది, పంపిస్తాను అని ఉంది. కింద ఇలా ఉంది: "నా ఇంటిపేరు గారు కాదు. మీరు ఇంకెవరికో రాయబోయి నాకు రాశారా?"

నాలిక కరుచుకుని వివరంగా రాశాను. మా గోదావరి జిల్లాల్లో మనిషి పేరుని ఒంటరిగా వదలమనీ, పక్కన ఆ మాట లేకపోతే పేరు చలికి వణుకుతున్నట్టు ఉంటుందనీ చెప్పాను.

ఈసారి వచ్చిన జవాబు పొడుగ్గా ఉంది. ఆవిడా నల్లజాతి మనిషే. ఆవిడ తల్లి ఒక తెల్లవాళ్ల ఇంట్లో బతుకంతా వంటచేసిందట. ఆ ఇంట్లో పసిపిల్లలు కూడా ఆ తల్లిని ఉత్త పేరుతోనే పిలిచేవారట. పేరు ముందు మర్యాద మాట పెట్టడం అక్కడ తెల్ల ఆడవాళ్లకే. తల్లి చనిపోయేదాకా బయటివాళ్ల నోట ఆ మాట వినలేదట. "కాబట్టి మీ మాట నేను ఉంచుకుంటున్నాను" అని రాసి, కింద 'లొరెట్టా గారు' అని సంతకం చేసింది. మన దగ్గర ఎవరైనా తన పేరుకి తనే గారు తగిలించుకుంటే ఊరంతా నవ్వుతుంది. నేను నవ్వలేదు. ఆ ఇంటర్నెట్ సెంటర్లో పక్కవాళ్లు చూస్తుండగానే కళ్లు తుడుచుకున్నాను.

ఆవిడ వ్యాసం ఒక్కటే కాదు, ఆ ఆఖరి సంచిక అసలు ప్రతినే విమానం మీద పంపింది. నూకరత్నం దాన్ని నిలబడే చదివింది. చదివాక ఆ అధ్యాయం మళ్లీ రాసింది, ఈసారి తల ఎత్తుకుని రాసింది. ఏ మాటలు ఇవ్వడం లేదో, ఎందుకు ఇవ్వడం లేదో, అడిగే హక్కు ఎవరికి ఉందో, చెప్పకుండా ఉండే హక్కు ఎవరికి ఉందో అంతా అందులో ఉంది.

మీకు ఒక మాట చెప్పాలి. పత్రికలు పోతాయి. కమిటీలు ఆపేస్తాయి, లేదా వాటంతట అవే ఆగిపోతాయి. లైబ్రేరియన్ చేతిలో ఉన్నది బీరువా కాదు, ఇంకో లైబ్రేరియన్. ప్రపంచంలో ఎక్కడో ఒక చోట ఆ సంచిక ఉన్న మనిషి ఉంటుంది. ఆవిడని మర్యాదగా అడగాలి, అంతే.

వైవా

వైవా రోజు సోమయాజులు గారు కొత్త పంచె కట్టుకొచ్చారు. పెళ్లికూతురి తండ్రి కూడా అంత కంగారుపడడు. ఇంకో రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు పెద్ద పండితుడు, తెలుగు రాదు. హాలు నిండింది. గుమ్మం దగ్గర ఉతికిన నేతచీర కట్టుకుని సత్తెమ్మ నిలబడి ఉంది. లోపలికి రావచ్చో లేదో తెలియక చెప్పులు చేత్తో పట్టుకుంది. శేషాచార్యులు గారు లేచి, "సత్తెమ్మ గారూ, రండి, ముందుకొచ్చి కూర్చోండి" అన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలుస్తున్నారో అని. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని మొదటి వరసలో నా పక్కన కూర్చోబెట్టాను.

మొదటి గంట బాగానే నడిచింది. తర్వాత ఎగ్జామినర్ గారు ఆ అధ్యాయం తెరిచారు. ఆ మాటలు ఎక్కడ అన్నారు. ఇవ్వనండి అంది నూకరత్నం. అవి లేకుండా మీరు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి అన్నారు. వ్యాసం చూపించింది, కారణం చెప్పింది. కారణం బాగుంది, అయినా మాటలు కావాలి అన్నారు. గొంతు కాస్త గట్టిపడింది. అనుబంధంలో పెట్టండి, ఎవరికీ చూపించం అన్నారు. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. సోమయాజులు గారు కళ్లు మూసుకున్నారు. ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను.

"ఒక్కటి. నమూనాకి ఒక్క మాట" అన్నారాయన ఆఖరికి.

"ఒక్కటి ఇస్తే ధర పడిపోతుందండి" అంది నూకరత్నం ఇంగ్లీషులోనే. "ఆ ఆడవాళ్లు నన్ను నమ్మి చెప్పారు. మీరు డిగ్రీ ఇవ్వకపోయినా నేను మళ్లీ అదే రేవుకి వెళ్లి నిలబడాలి."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత థీసిస్ మూసేసి, "మీ అధ్యాయం ఏం చెబుతోందో ఇప్పుడు నాకు కళ్లకి కట్టినట్టు తెలిసింది" అన్నారు. డిగ్రీకి సిఫార్సు చేస్తున్నానని అక్కడే ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా పాత వేళాకోళం లెక్చరర్లు కూడా ఉన్నారు.

వరండాలోకి వచ్చాక సత్తెమ్మ గారిని అడిగాను. "అంతా ఇంగ్లీషులోనే జరిగింది కదండీ, మీకేమైనా తెలిసిందా?"

"ఆయ్, తెలకపోడమేంటండీ అమ్మగారూ!" అంది ఆవిడ. "ఆయన అడిగేడు, ఇది ఇవ్వలేదు. మళ్లీ అడిగేడు, మళ్లీ ఇవ్వలేదు. కోపంగా అడిగేడు, మెల్లిగా అడిగేడు, కొంచెం చాలన్నాడు. ఇది దిగలేదు. ఆకరికి ఆయనే దారికొచ్చేడు."

లోపల అంతసేపూ రెప్ప వాల్చకుండా నిలబడ్డ నూకరత్నం ఆ మాట విని, గోడకి ఆనుకుని భోరుమంది. సత్తెమ్మ కొంగు పట్టుకుని కూతురి మొహం గట్టిగా తుడిచింది.

"బేరం కుదిరేక ఏడుత్తారేంటే ఎవరైనా? పద, బస్సెళ్లిపోద్ది."